స్టేషన్ నుంచి పాండురంగాపురం హోటల్‌కి: మోకాళ్ళ నొప్పుల అమ్మ, చంటిపాప, మూడు పెట్టెలు. వైజాగ్ వాళ్ళు దారి చెప్పండి

ఓరుగల్లు_వాసి
వైజాగ్ మిత్రులకు నమస్కారం. వచ్చే నెల గోదావరి ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఎక్కి మీ ఊరు వస్తున్నాం. నేను, మా ఆవిడ, రెండేళ్ళ పాప, మా అమ్మ. అమ్మకి మోకాళ్ళ అరుగుదల. నేల మీద మెల్లగా నడుస్తుంది గానీ మెట్లు చూస్తే అక్కడే నిలబడిపోతుంది. సామాను రెండు పెద్ద ట్రాలీ పెట్టెలు, ఒక చిన్నది, పాప సంచి, పాపని కూర్చోబెట్టి తోసే బండి. ఇవి కాక అమ్మ చేసిన సకినాల డబ్బా. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వదు, కింద పెట్టనివ్వదు.

హోటల్ పాండురంగాపురంలో, ఆర్కే బీచ్‌కి దగ్గర. రైలు పొద్దున్న ఆరు ప్రాంతంలో చేరుతుందంటున్నారు. క్యాబ్ ముందే బుక్ చేసుకోవాలా, దిగాక ఆటో మాట్లాడుకోవాలా? చెక్ ఇన్ మధ్యాహ్నం 12కి అని రాసి ఉంది, అప్పటిదాకా ఈ సంసారాన్ని ఎక్కడ పెట్టాలి? ఊరికి కొత్త, భాష ఒక్కటే మనది. కాస్త టెన్షన్‌గా ఉంది.

అల్లిపురం_అబ్బాయి
టెన్షన్ పడేంత దూరం కాదన్నా. స్టేషన్ నుంచి ఆర్కే బీచ్ నాలుగైదు కిలోమీటర్లు. ఆ వేళకి రోడ్లు ఖాళీగా ఉంటాయి, పావుగంటలో దింపేస్తారు. దారులు రెండు. తెలుగు తల్లి ఫ్లైఓవర్ ఎక్కి అసీల్‌మెట్ట, సిరిపురం మీదుగా పైనుంచి పాండురంగాపురం డౌన్, అంటే వాలు రోడ్డు, దిగడం ఒకటి. డాబాగార్డెన్స్, జగదాంబ, కలెక్టరాఫీసు మీదుగా బీచ్‌కి చేరడం ఇంకోటి. ఎటు తీసుకెళ్ళినా తిప్పి తీసుకెళ్తున్నాడని అనుకోకండి, రెండూ మామూలు దారులే.

పొద్దున్నే నడిచేవాళ్ళ కోసం ఆర్కే బీచ్ దగ్గర రోడ్డు మీద కాసేపు బండ్లు ఆపేస్తారు. మీ హోటల్ సరిగ్గా బీచ్ రోడ్డు మీదుంటే డ్రైవర్ అడ్డుగేటు దగ్గర దిగిపొమ్మంటాడు. పాండురంగాపురం లోపలి వీధిలో అయితే ఆ గొడవ లేదు. వెనకవైపు నుంచి రావచ్చా అని హోటల్‌కి ఫోన్ చేసి అడగండి, వాళ్ళకి అలవాటే.

రైలుపిచ్చి
ఆటోనా క్యాబా అన్నది తర్వాత. ముందు మీ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చూసుకోండి. అమ్మగారి మోకాళ్ళకి అసలు పరీక్ష అక్కడే.

మా స్టేషన్‌లో ఎనిమిది ప్లాట్‌ఫారాలు. ఒకటో నంబరు మెయిన్ గేటు వైపు. ఎనిమిదో నంబరు జ్ఞానాపురం గేటు వైపు. ఒకటి మీద ఆగితే మెట్లు లేకుండా నేరుగా బయటికి. ఎనిమిది మీద ఆగినా అంతే, కాకపోతే అటువైపు. మధ్యలో ఆగితేనే వంతెన ఎక్కాలి. అప్పుడు జనంతో పాటు మెట్లవైపు పరుగెత్తకండి. లిఫ్ట్ ఎక్కడుందో పోర్టర్‌ని అడగండి. అంత పొద్దున్న రైలు ఖాళీ కాగానే అందరూ ఒక్కసారే ఎక్కుతారు, ఐదు నిమిషాలు బెంచీ మీద కూర్చుంటే లిఫ్ట్ మీదే.

ప్లాట్‌ఫారం నంబరు రైల్వే వాళ్ళ ఎన్టీఈఎస్ యాప్‌లో కనిపిస్తుంది, 139కి ఫోన్ చేసినా చెప్తారు. అనకాపల్లి దాటాక చూడండి. రాత్రి పడుకునేముందు చూసింది పొద్దుటికి మారిపోవచ్చు.

ఇంకోటి. దువ్వాడ దాటింది కదా, ఇక వచ్చేశాం అని పెట్టెలు దింపి తలుపు దగ్గర నిలబడకండి. ప్లాట్‌ఫారం ఖాళీ లేకపోతే గోపాలపట్నం, మర్రిపాలెం దగ్గర అవుటర్‌లో, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర, ఆపుతారు. ఎంతసేపో ఎవరూ చెప్పలేరు. అందుకే టైమ్‌టేబుల్ చూసి క్యాబ్ ముందే పిలిస్తే వాడు వచ్చి, ఎదురుచూసి, వెళ్ళిపోతాడు.

ఉప్పుగాలి
పైవాళ్ళు చెప్పింది సరే, డబ్బు సంగతి నేను చెప్తాను. స్టేషన్ గుమ్మంలోనే నలుగురు చుట్టుముడతారు. "ఎక్కడికి సార్, బీచా, రండి రండి" అంటూ పెట్టె పిడి మీద చెయ్యి వేస్తారు. వద్దు అని ఒక్కసారి గట్టిగా చెప్పి నడవండి. గేటు దాటి మెయిన్ రోడ్డు మీదికి వస్తే రన్నింగ్ ఆటోలు దొరుకుతాయి. లోపల 300 చెప్పినవాడి దారికి బయట సగానికి వస్తారు. యాప్ తెరిచి రేటు చూసి, దాని మీద ఇరవయ్యో ముప్పయ్యో వేసి చెప్పండి. ఒప్పుకునేవాడు ఒప్పుకుంటాడు.

మీటర్ మాట మర్చిపోండి. ఇక్కడ అంతా నోటిమాటే.

కైలాసగిరి_కోడలు
ఉప్పుగాలి గారూ, మీరు భుజానికి ఒక్క బ్యాగు తగిలించుకుని తిరిగే మనిషి అని తెలుస్తూనే ఉంది. నడవలేని పెద్దావిడ, నిద్రలోంచి లేచి ఏడుస్తున్న పాప, మూడు పెట్టెలు. వీళ్ళని వందరూపాయల కోసం రోడ్డు దాకా నడిపిస్తారా? ఆ రోడ్డు మీద బస్సులు, షేర్ ఆటోలు, ఎదురొచ్చే బైకులు. ట్రాలీ చక్రం ఒక గుంతలో పడిందంటే మీరు పెట్టె ఎత్తాలా, పాపని పట్టుకోవాలా?

ప్రీపెయిడ్ ఆటో కౌంటర్‌లో మనిషి ఉంటే అక్కడే చీటీ తీసుకోండి. రేటు రాసే ఉంటుంది, బండి నంబరు వాళ్ళ దగ్గర ఉంటుంది. కౌంటర్ ఖాళీగా ఉంటే అప్పుడు స్టాండులో బేరం ఆడండి. 150 నుంచి 200 మధ్య తెగితే నేనైతే మారుమాట్లాడకుండా ఎక్కేస్తాను.

ఉప్పుగాలి
కోడలుగారూ, ఒప్పుకుంటాను, పెద్దావిడ ఉంటే లెక్క వేరు. కానీ బేరం ఆడకుండా ఎక్కడం మాత్రం నా ఒంటికి పడదు.

ఖాకీచొక్కా
చదువుతూ ఊరుకుందామనుకున్నాను, కానీ మా వైపు మాట ఎవరూ చెప్పట్లేదు. మా నాన్న స్టేషన్ స్టాండులో చాలా ఏళ్ళు ఆటో తోలాడు, సెలవుల్లో నేనూ తోలాను.

స్టాండులో వరస ఉంటుంది. రాత్రి రైళ్ళకోసం మూడింటికే వచ్చి వరసలో పెట్టినవాడు రెండు మూడు గంటలు కూర్చుంటాడు. తన వంతు వచ్చేసరికి మీరు యాప్ చూపించి ఎనభై అంటే వాడికి కడుపు మండుతుంది. రోడ్డు మీద తిరిగేవాడికి ఆ కూర్చోవడం లేదు, అందుకే తక్కువకి వస్తాడు. ఇందులో మోసం ఏదీ లేదు. దారిలో రేటు పెంచితే అదీ మోసం.

అందుకే ఎక్కేముందు నాలుగు మాటలు తేల్చుకోండి. ఎంతమంది, ఎన్ని పెట్టెలు, ఎక్కడ దింపాలి, అందరికీ కలిపి ఎంత. పెట్టెలు చూపించి మరీ చెప్పండి. "బీచ్" అని మాత్రం చెప్పకండి. బీచ్ అంటే కోస్టల్ బ్యాటరీ నుంచి లాసన్స్ బే దాకా బీచే. సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గరా, కాళీమాత గుడి దగ్గరా, పాండురంగాపురం డౌన్‌లోనా అని గుర్తు చెప్పాలి. తీరా దగ్గరికి వచ్చాక "ఇంకొంచెం ముందుకి, ఇంకొంచెం పైకి" అంటే అక్కడే గొడవ మొదలు. మా ఊరు కొండల ఊరు, పైకి ఎక్కితే ఆయిలు తాగుతుంది.

బోణీ బేరం కూడా చూసుకోండి. పొద్దున్న మొదటి సవారీ తిప్పి పంపడానికి చాలామందికి మనసొప్పదు. మర్యాదగా అడిగితే ఒక ఇరవై తగ్గిస్తారు. అసీల్‌మెట్ట మీదుగా వెళ్తే సంపత్ వినాయకుడికి దండం పెట్టుకోవడానికి బండి ఒక్క క్షణం నెమ్మది చేస్తాడు. దానికి కంగారు పడకండి.

ఓరుగల్లు_వాసి
ఖాకీచొక్కా అన్నా, చాలా బాగా చెప్పారు. నలుగురం, మూడు పెట్టెలు ఒక ఆటోలో పడతామా? లేక క్యాబే తీసుకోవాలా? మా ఆవిడ క్యాబ్ అంటోంది, డిక్కీలో పడేస్తే అయిపోతుంది కదా అని.

మర్రిపాలెం_మెకానిక్
డిక్కీ అంటే ఇంట్లో కారు డిక్కీ ఊహించుకుంటున్నారు. యాప్‌లో వచ్చే చిన్న సెడాన్లు చాలావరకు సీఎన్‌జీవి. డిక్కీ తెరిస్తే వెనక సీటుకి ఆనించి సిలిండర్ అడ్డంగా కూర్చుని ఉంటుంది. మిగిలిన చోట ఒక పెద్ద పెట్టె నిలబెట్టి పెట్టొచ్చు, దాని పక్కన చేతిసంచి. రెండో పెద్ద పెట్టె ముందు సీట్లోకో, మీ ఒళ్ళోకో వస్తుంది. పైన క్యారియర్ ఉంటే సరి, తాడు ఉందో లేదో అడగండి.

మీ లెక్కకి ఆరు సీట్ల బండి బుక్ చెయ్యండి, వెనక వరస మడిచేస్తే అన్నీ పడతాయి. ఖర్చు కొంచెం ఎక్కువ. లేదంటే రెండు ఆటోలు. ఒకదాంట్లో అమ్మగారు, మీ ఆవిడ, పాప, చిన్న సంచులు. రెండోదాంట్లో మీరు, పెట్టెలు. ఆటోలో పెట్టెని సీటు వెనక ఖాళీలో అడ్డంగా పడుకోబెట్టించండి, పిడి లోపలికి దింపేసి. కాళ్ళ దగ్గర నిలబెడితే అమ్మగారికి మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవాల్సి వస్తుంది, మలుపులో అది మీద పడుతుంది కూడా.

కైలాసగిరి_కోడలు
రెండు ఆటోలైతే ఆడవాళ్ళ ఆటో ముందు, మీది వెనక. హోటల్ లొకేషన్ మీ ఆవిడ ఫోన్‌లో కూడా పెట్టండి. డబ్బులు రెండు చోట్లా విడివిడిగా ఉండాలి, చిల్లరతో.

డాల్ఫిన్_నోస్
యాప్ బండి గురించి ఒక మాట. ప్లాట్‌ఫారం మీదుండగా బుక్ నొక్కకండి. డ్రైవర్ రెండు నిమిషాల్లో వచ్చేస్తాడు, మీరింకా లిఫ్ట్ దగ్గరే ఉంటారు. లోపలికి వస్తే పార్కింగ్ చీటీ కట్టాలని వాడు బయటే ఆగుతాడు, మీరు లోపల వెతుకుతారు. ఫోన్ చేసి "ఎక్కడ డ్రాప్, క్యాషా ఆన్‌లైనా" అని అడిగి, నచ్చకపోతే మీచేతే క్యాన్సిల్ చేయిస్తాడు. బయటికి వచ్చి, సామాను ఒకచోట పెట్టి, అమ్మగారిని కూర్చోబెట్టి, అప్పుడు బుక్ చెయ్యండి.

పికప్ పాయింట్ కూడా చూసుకోండి. జీపీఎస్ ఒక్కోసారి మిమ్మల్ని జ్ఞానాపురం వైపు చూపిస్తుంది, మీరేమో మెయిన్ గేటులో ఉంటారు. మధ్యలో ఎనిమిది ప్లాట్‌ఫారాలు. బండి చుట్టూ తిరిగి రావాలి, రాడు. స్క్రీన్ మీద గుర్తుని వేలితో జరిపి మీరు నిలబడ్డ గేటు మీద పెట్టండి.

రైలుపిచ్చి
గేటు మాట వచ్చింది కాబట్టి. గాజువాక, ఎన్ఏడీ జంక్షన్ వైపు పోయేవాళ్ళకి జ్ఞానాపురం గేటు సుఖం. బీచ్, సిరిపురం, ఎంవీపీ కాలనీ, ఆర్టీసీ కాంప్లెక్స్ అయితే మెయిన్ గేటు. మీ రైలు ఎనిమిది మీదికి వస్తే మాత్రం దారి బాగుంటుందని వంతెన ఎక్కి ఇవతలికి రావద్దు, జ్ఞానాపురం వైపే దిగిపోండి. అటునుంచి కూడా కాన్వెంట్ జంక్షన్ మీదుగా జగదాంబకి దారి ఉంది. కాకపోతే అక్కడ హోల్‌సేల్ కూరగాయల మార్కెట్. పొద్దున్న లారీలు, ఆటో ట్రక్కులు, క్యాబేజీ బస్తాలు. ఓ ఐదు పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

మెట్రో_ఎక్స్‌ప్రెస్
బస్సు గురించి ఎవరూ అనట్లేదు. స్టేషన్ దగ్గరే సిటీ బస్సులు దొరుకుతాయి. ఆర్టీసీ కాంప్లెక్స్ రెండు కిలోమీటర్లే, అక్కడినుంచి ఊళ్ళో ఎక్కడికైనా బస్సు ఉంటుంది. రుషికొండ వైపు హోటల్ తీసుకున్నవాళ్ళకి 900కె ఉంది, రైల్వే స్టేషన్ నుంచి భీమిలి వెళ్తుంది. రుషికొండకి ఆటో అయితే పదిహేను కిలోమీటర్ల దూరానికి బాగానే అడుగుతారు, ఒక్క బ్యాగు ఉన్నవాళ్ళకి బస్సే మేలు.

పైగా 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం వచ్చింది. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ డబ్బు లేదు. ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ కొట్టి ఇస్తాడు.

ఓరుగల్లు_వాసి
మా అమ్మకి ఈ మాట చెప్పగానే పెట్టెలన్నీ తానే మోస్తా అంది.

మెట్రో_ఎక్స్‌ప్రెస్
అయ్యో, ఆగండి. అది ఆంధ్రప్రదేశ్‌లో ఉండేవాళ్ళకే. గుర్తింపు కార్డు మీద ఏపీ అడ్రస్ ఉండాలి. వరంగల్ ఆధార్ అయితే టికెట్ కొట్టాల్సిందే. మీవాళ్ళకి తెలంగాణ బస్సుల్లో మహాలక్ష్మి పథకం ఉంది కదా, సరిపెట్టుకోమనండి.

ఇంకో మాట, ఆ పథకం వచ్చాక బస్సుల్లో రద్దీ బాగా పెరిగింది. మూడు పెట్టెలతో ఎక్కితే కండక్టర్ ఏమీ అనకపోయినా పక్కవాళ్ళు అంటారు. మీకు బస్సు వద్దు. చదివే మిగతావాళ్ళ కోసం చెప్పాను.

నైట్‌డ్యూటీ_రిసెప్షన్
మీ రెండో ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. నేను ఊళ్ళో ఒక హోటల్ రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను, ఏ హోటలో చెప్పను.

పొద్దున్న ఆరింటికి వచ్చే గోదావరి ఎక్స్‌ప్రెస్ జనం మాకు రోజూ ఉంటారు. గది ఖాళీగా ఉంటే ఇస్తాం, లేకపోతే లేదు. అది ముందురోజు ఎంతమంది దిగారన్న దాన్ని బట్టి ఉంటుంది. శనివారం, ఆదివారం పొద్దున్న అడిగితే కష్టం, మామూలు రోజుల్లో తొంభై పాళ్ళు దొరుకుతుంది. సగం రోజు అద్దె అడిగే హోటళ్ళు ఉన్నాయి, ఏమీ అడగని హోటళ్ళూ ఉన్నాయి. బుకింగ్ సైటులో "స్పెషల్ రిక్వెస్ట్" గడిలో రాస్తే మేం చూసేసరికి మీరు వచ్చేసి ఉంటారు. ముందురోజు సాయంత్రం హోటల్ నంబరుకే నేరుగా ఫోన్ చెయ్యండి. పేరు, రైలు పేరు, పెద్దావిడ ఉన్నారని చెప్పండి. ఫోన్ ఎత్తినవాడి పేరు అడిగి రాసుకోండి. ఇది చిన్న పనే గానీ, రాత్రి డ్యూటీవాడు దిగిపోతూ పొద్దున వచ్చేవాడికి అప్పజెప్పే కాగితంలో మీ పేరు పడుతుంది.

గది దొరక్కపోయినా సామాను రిసెప్షన్‌లో ఉంచుకుంటాం. ట్యాగ్ కట్టించుకోండి. బంగారం, మందులు, పాప పాలసీసా ఉన్న సంచి మాత్రం మీ దగ్గరే పెట్టుకోండి. పెద్దవాళ్ళందరి ఒరిజినల్ గుర్తింపు కార్డులూ కావాలి, మగాయన ఒక్కడిది చాలదు. అవి పెట్టె అడుగున పెట్టి, రిసెప్షన్ ముందు పెట్టె విప్పి, చీరల మధ్య వెతికేవాళ్ళని రోజూ చూస్తుంటాను.

ఇంకా బుక్ చేసుకోనివాళ్ళకి: స్టేషన్ చుట్టుపక్కల, రైల్వే న్యూ కాలనీ, డాబాగార్డెన్స్ వైపు లాడ్జీల్లో చాలావాటికి 24 గంటల చెక్ అవుట్ ఉంటుంది. ఆరింటికి దిగితే మర్నాడు ఆరు దాకా గది మీదే. తెల్లవారి రైళ్ళకి వచ్చేవాళ్ళకి అదే లాభం. బుక్ చేసేముందు ఆ ఒక్కటీ అడగండి. ఎందుకంటే పన్నెండింటి హోటల్లో ఆరింటికి దిగితే మీ రోజులో పావు వంతు సోఫాలో పోతుంది.

ఆటోలో ఎవరైనా "ఆ హోటల్ మూసేశారండి, దానికన్నా మంచిది చూపిస్తా" అంటే నవ్వి ఊరుకోండి. రిసెప్షన్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి చాలు.

ఖాకీచొక్కా
కమీషన్ మాట నిజమే. అందరూ కాదు గానీ ఉన్నారు.

కైలాసగిరి_కోడలు
హోటల్లో గది దొరకదని ముందే చెప్పేస్తే స్టేషన్‌లోనే రిటైరింగ్ రూమ్ ఒక దారి. ఐఆర్‌సీటీసీలో పీఎన్‌ఆర్ నంబరుతో బుక్ చేసుకోవచ్చు. టికెట్ కన్ఫర్మ్ అయినా, ఆర్ఏసీ అయినా చాలు. పన్నెండు గంటల పాటు ఉండటానికి ఇస్తారు. స్నానాలు చేసి, పాపకి అన్నం పెట్టి, అమ్మగారు కాస్త నడుం వాల్చి, పదకొండింటికి బయల్దేరొచ్చు. దొరకడం కష్టం, టికెట్ కన్ఫర్మ్ అవగానే చూసుకోండి.

క్లోక్ రూమ్ కూడా ఉంది. తాళం లేని సంచి తీసుకోరు. జిప్పు బ్యాగులకి చిన్న తాళాలు ఇంటి దగ్గరే వేసుకు రండి.

ముంజలబండి
ఇదంతా ఎందుకండీ, పెట్టెలు రిసెప్షన్‌లో పడేసి అందరూ బీచ్‌కి పోండి. పొద్దున్న ఆరున్నరకి ఆర్కే బీచ్ చూడాల్సిందే. తర్వాత టిఫిన్‌కి...

ఉప్పుగాలి
టిఫిన్ అంటే వేడి ఇడ్లీ, అల్లం పచ్చడి. ముంజలబండి గారు ఏ సెంటర్ చెప్తారో చూద్దాం, నేను ఒప్పుకోను అని ఇప్పుడే చెప్తున్నా.

మోడరేటర్
టిఫిన్ల మీద వేరే చర్చ ఉంది, అక్కడ ఇప్పటికే నాలుగు పేజీలు కొట్టుకున్నారు. ఇక్కడ లగేజీ మాటే.

సముద్రపు_సాయంత్రం
నాదీ దగ్గరి ప్రశ్నే కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. నేను ఒక్కదాన్నే, సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం మూడింటికి బయల్దేరే వందే భారత్‌లో వస్తున్నాను. అది రాత్రి పదకొండున్నరకి వైజాగ్. గది సిరిపురంలో. ఒక పెట్టె, ఒక ల్యాప్‌టాప్ బ్యాగు. ఆ వేళలో భయం లేదా?

కైలాసగిరి_కోడలు
స్టేషన్‌లో భయం లేదమ్మా, ఆ బండి దిగేవాళ్ళే వందలమంది ఉంటారు. ఆ గుంపుతో పాటే మెయిన్ గేటుకి వచ్చేయండి. జనం పలచబడే దాకా ఆగొద్దు, అంత పెద్ద బండి ఖాళీ అయ్యాక స్టాండు కూడా ఖాళీ అయిపోతుంది. బండి ఎక్కేముందు నంబరు ప్లేటు ఫోటో తీసి ఇంట్లోవాళ్ళకి పంపండి, డ్రైవర్ చూస్తుండగానే. యాప్ బండి అయితే ట్రిప్ షేర్ చెయ్యండి. దారి అసీల్‌మెట్ట, సిరిపురం, రెండూ వెలుగున్న పెద్ద రోడ్లు. షేర్ ఆటో మాత్రం ఆ రాత్రి వద్దు.

నైట్‌డ్యూటీ_రిసెప్షన్
హోటల్‌కి రాత్రి పదింటికి ఒక ఫోన్ చేసి "వస్తున్నాను, రైలు ఆలస్యమైతే పన్నెండు దాటుతుంది" అని చెప్పండి. డబ్బు ముందే కట్టని బుకింగులు అర్ధరాత్రి వేరేవాళ్ళకి ఇచ్చేసే చోట్లు ఉన్నాయి. చిన్న చోట్ల షట్టర్ దించేసి పడుకుంటారు, బెల్లు ఎక్కడుందో అడిగి పెట్టుకోండి.

సముద్రపు_సాయంత్రం
బెల్లు సంగతి నాకు తట్టనేలేదు. ఇప్పుడే ఫోన్ చేశాను, పక్క గేటు నుంచి రావాలట. థాంక్సండీ.

ఓరుగల్లు_వాసి
వచ్చాం, చేరాం, అమ్మ నిద్రపోతోంది, అందుకే రాస్తున్నాను.

రైలు మూడో ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. జనం పోయేదాకా కూర్చున్నాం. అమ్మ ఎర్రచొక్కా పోర్టర్‌ని చూసి "ఈ పిల్లగాడు ఇన్ని మోస్తడా" అని బాధపడి, లిఫ్ట్ దాకా తానూ ఒక సంచి పట్టుకుంది. డబ్బా రెండో చేతిలో. పోర్టర్‌తో ముందే లెక్క మాట్లాడుకున్నాను, బండి దాకా కలిపి. క్యాబ్ మాట మా ఆవిడే వదిలేసింది, సిలిండర్ సంగతి చదివాక. రెండు ఆటోలు మాట్లాడుకున్నాం. ఒక్కోటి 180. పాండురంగాపురం డౌన్ అని చెప్పగానే డ్రైవర్ "మీది ఈ ఊరేనా సార్" అన్నాడు, ఔననలేదు, కాదనలేదు.

గది ఎనిమిదిన్నరకి ఇచ్చారు, సగం అద్దె అడగలేదు. ముందురోజు ఫోన్ ఎత్తినాయన పేరు చెప్పేసరికి పని తేలికైంది. రిసెప్షన్ అబ్బాయికి అమ్మ సకినాలు పెట్టింది. డబ్బా మూత మొదటిసారి అప్పుడే తీసింది.

నైట్‌డ్యూటీ_రిసెప్షన్
మా హోటల్ కాదు. మీరు మా హోటల్‌కి రావాల్సింది.

పార్వతీపురం_పిల్ల
నాకు ఒక చిక్కు. మా అత్తగారివాళ్ళు కేరళ నుంచి వస్తున్నారు. టికెట్ మీద విశాఖపట్నం లేదు, దువ్వాడ అని ఉంది. ఇది తప్పు టికెట్టా? హోటల్ జగదాంబ దగ్గర.

రైలుపిచ్చి
తప్పు టికెట్ కాదు. విజయవాడ వైపు నుంచి ఒడిశా, బెంగాల్ వెళ్ళే రైలు విశాఖ స్టేషన్‌లోకి వస్తే, మళ్ళీ వచ్చిన వైపే వెనక్కి వెళ్ళాలి. ఇంజన్ విప్పి రెండో చివర తగిలించాలి. దానికి టైము పడుతుంది, ప్లాట్‌ఫారమూ కావాలి. అందుకని చాలా దూరపు రైళ్ళని ఊళ్ళోకి రానివ్వకుండా దువ్వాడలో ఆపి అటునుంచి అటే పంపేస్తారు. అలాంటి రైలు ఎక్కినవాళ్ళు "ఇంకా వైజాగ్ రాలేదు కదా" అని కూర్చుంటే విజయనగరంలో తేలుతారు. మీ అత్తగారివాళ్ళకి ఈ మాట గట్టిగా చెప్పండి.

మర్రిపాలెం_మెకానిక్
దువ్వాడ నుంచి జగదాంబ ఇరవై కిలోమీటర్లకి పైనే అనుకోండి. గాజువాక మీదుగా రావాలి. స్టేషన్ బయట ఆటోలు ఉంటాయి గానీ ఊళ్ళోకి అంటే రేటు గట్టిగానే చెప్తారు, తిరుగు సవారీ దొరకదని వాళ్ళ బాధ. సామాను తక్కువైతే కూర్మన్నపాలెం జంక్షన్ దాకా ఆటోలో వచ్చి, అక్కడ హైవే మీద సిటీ బస్సు ఎక్కొచ్చు. ఎక్కువైతే యాప్‌లో క్యాబ్ చూడండి. ఇంత దూరానికి ఆటోకీ క్యాబ్‌కీ పెద్ద తేడా రాదు. గాజువాకలో సాయంత్రం ట్రాఫిక్ ఉంటుంది, గంట పట్టినా ఆశ్చర్యం లేదు.

పార్వతీపురం_పిల్ల
వాళ్ళు దిగేది రాత్రి రెండింటికి. మా ఆయన కారు తీసుకుని వెళ్దామంటున్నారు.

ఖాకీచొక్కా
అయితే ఇంకేం. రెండింటికి దువ్వాడలో బండి దొరకడం దొరక్కపోవడం అదృష్టం మీద ఉంటుంది. కారే పంపండి. రైలు అనకాపల్లి దాటాక బయల్దేరితే ఆలస్యం అవుతుంది, తుని దాటగానే బయల్దేరమనండి.